బంతిలో గాలి

కడుపుతో ఉన్నవాళ్ల కోసం బంతి కొనాలని సిస్టరమ్మ చెప్పినప్పుడు రాజులమ్మ వంటగదిలో చింతపండు పిసుకుతోంది. ఇంకా పుట్టని పిల్లలకు ఇప్పట్నుంచే ఆటవస్తువులేమిటని ఆమెకు నవ్వొచ్చింది.

"పిల్లలకు కాదమ్మా, తల్లులకి," అంది మాధవి.

మాధవి ఆ ఇంటికి నర్సు. బొబ్బిలి దగ్గర పల్లెటూరు పిల్ల, కొండెక్కి మూడేళ్లయింది. ఫోను తెచ్చి రాజులమ్మ ముందు పెట్టింది. అందులో ఎవరో తెల్లావిడ, నిండు చూలాలు, పెద్ద గుమ్మడికాయలు నాలుగు కలిపినంత బంతి మీద కూర్చుని నడుము అటూ ఇటూ తిప్పుతోంది. అలా ఊగితే నడుమునొప్పి తగ్గుతుందట. బిడ్డ తల కిందికి దిగడానికి వీలుగా ఉంటుందట. నొప్పులు మొదలయ్యాక కూడా మంచానికి అతుక్కుపోకుండా దీని మీద కూర్చోవచ్చట.

రాజులమ్మ చింతపండు చేతులతోనే ఆ బొమ్మను చివరి దాకా చూసింది. నవ్వడం మానేసింది. ఆ ఊగడం ఆమెకు కొత్త కాదు. దూలానికి తాడు వేలాడదీసి, ఆ తాడు పట్టుకుని గొంతుక్కూర్చుని ఊగమని ముప్పై ఏళ్లపాటు ఆమె ఎందరికి చెప్పిందో. తెల్లావిడకు కింద బంతి ఉంది, పైన తాడు లేదు. తేడా అంతే.

"ఎవులు కనిపెట్టారో గానీ బుద్ధున్నోళ్లే," అంది.

ఆ ఇంటికి గర్భిణుల వసతి గృహం అని బోర్డుంది. రోడ్డు లేని కొండ ఊళ్ల నుంచి నెలలు నిండినవాళ్లను పదిహేను ఇరవై రోజుల ముందే కిందికి దించి అక్కడ ఉంచుతారు. నొప్పులు రాగానే ఆస్పత్రికి పంపుతారు. వానల్లో డోలీ కట్టి, జారే బండల మీద మోసుకొచ్చే కష్టం తప్పుతుంది. రాజులమ్మ అక్కడ ఆయా. వండుతుంది, వేణ్నీళ్లు కాస్తుంది, ఇంటి మీద బెంగపెట్టుకుని ఏడ్చేవాళ్లను కసురుతుంది, కసిరినందుకు మళ్లీ తనే బుజ్జగిస్తుంది. అంతకుముందు ఆమె మంత్రసాని. ఇళ్లలో పురుళ్లు పోయడం ఆపమని సర్కారు అన్నాక ఆమె పని పోయింది, చేతికి గరిటె వచ్చింది. దాని మీద ఆమెకు కోపం లేదా అంటే ఉంది. కానీ ఇంటి పురుళ్లు వద్దన్న మాట తప్పని మాత్రం ఆమె నోట ఒక్కనాడూ రాలేదు. రాకపోవడానికి కారణం గంగ.

గంగ ఆమె ఒక్కగానొక్క కూతురు. రెండేళ్ల కిందట, ఇలాగే వానలు పడుతున్నప్పుడు, గంగకు తొలిచూలు. అల్లుడు గాసిది రేగంపుట్టు, కొండ మీద పదిహేను గడపలున్న ఊరు. కింద పారే గెడ్డ పొంగి డోలీ దాటే దారి లేకపోయింది. తల్లే పురుడు పోసింది. ఒక పగలు, ఒక రాత్రి గడిచి, మర్నాడు మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. రాజులమ్మ వీపు రాసింది, అరికాళ్లు తట్టింది, కాళ్లు పట్టి తలకిందులు చేసింది. తనకు తెలిసిందల్లా చేసింది. పిల్ల ఊపిరి తీయలేదు.

గాలి తగలని బిడ్డను తల్లికి చూపించకూడదని, చూపిస్తే తల్లికి గాలి సోకుతుందని రాజులమ్మకు ఆమె అత్త చెప్పింది. పని నేర్పింది ఆ అత్తే, ఆమె మాటంటే రాజులమ్మకు తిరుగులేదు. గంగ అలసి గోడ వైపు తిరిగి పడుకుంది. గాసి అప్పటికింకా గెడ్డ ఒడ్డున, నీళ్లు తగ్గుతాయేమోనని చూస్తూ నిలబడ్డాడు. రాజులమ్మ బిడ్డను పాత చీరముక్కలో చుట్టి, ఒక్కతే తీసుకెళ్లి, ఇంటి వెనక పనసచెట్ల కింద పాతిపెట్టి వచ్చింది. ఆమె కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చేసరికి ఇంకా పొద్దు కూడా వాలలేదు.

ఆ రోజు తర్వాత గంగ తల్లిని తాకనివ్వలేదు. తిట్టలేదు, పోట్లాడలేదు, మాట మానలేదు. ముంచింగిపుట్టు సంతలో కనిపిస్తే బాగున్నావా అంటుంది, కొన్న బెల్లంలో ఒక ముక్క విరిచి ఇస్తుంది. తల దువ్వుతానని రాజులమ్మ చెయ్యి చాపితే మాత్రం మెల్లగా పక్కకు జరుగుతుంది. ఆ జరగడాన్ని రాజులమ్మ ఒకేలాగ అర్థం చేసుకుంది. నీ చేతులే నా బిడ్డను పొట్టన పెట్టుకున్నాయని గంగ అంటోంది, నోటితో అనలేక ఒంటితో అంటోంది. అలా అనుకున్నప్పుడల్లా ఆమె బియ్యం కడుగుతూ కడుగుతూ తన చేతుల్ని చూసుకునేది. ముప్పై ఏళ్లలో ఎంతమందిని పట్టి తీసిన చేతులు. సొంత మనవరాలి దగ్గరే చచ్చుబడ్డాయి.

ఇప్పుడు గంగకు మళ్లీ తొమ్మిదో నెల. రేగంపుట్టు గెడ్డ ఇంకా మోకాలి లోతే ఉంది. ఒక వారం గట్టిగా కురిస్తే దారి మూసుకుపోతుంది, అప్పుడిక అదే ఇల్లు, అదే మంచం. ఆశా కార్యకర్త రెండుసార్లు కొండెక్కి పిలిచింది. ఇంట్లో పనుందని గంగ రెండుసార్లూ తిప్పి పంపింది. అసలు సంగతి ఏమిటో అందరికీ తెలుసు. ఆ చుట్టుపక్కల వసతి గృహం అదొక్కటే, అందులో ఆయా తల్లి. "నాను పని మానీసి పోతాను, నా గుంటని దించండి," అని రాజులమ్మ ఒకరోజు కూతురి కోసం మాధవి ముందు ఏడ్చింది కూడా.

అందుకే ఆ బంతి ఆమె మనసులో పడింది. చెయ్యి వెయ్యక్కర్లేని సాయం అది. గంగ దాని మీద కూర్చుంటుంది, దాని పని అది చేస్తుంది. తల్లి గడప అవతల ఉండవచ్చు.

మాధవి పినతండ్రి కొడుకు లక్ష్మీప్రసాద్‌కు విజయనగరంలో ఆటవస్తువుల కొట్టుంది. బంతుల్లో యాభై అయిదు, అరవై అయిదు, డెబ్భై అయిదు సెంటీమీటర్లవి ఉంటాయని, మూడూ బస్సులో వేస్తాను, చూసుకుని ఒకటి ఉంచుకుని మిగతావి పంపెయ్యండని అతను ఫోనులో చెప్పాడు. ఎంత ఎత్తు మనిషికి ఎంత బంతో పట్టిక కూడా పంపాడు. మాధవి ఆ పట్టిక చదివి, మధ్యది తీసుకుంటే అందరికీ సరిపోతుందంది.

"ఎత్తుతో ఏటి పని సిస్టరమ్మా," అంది రాజులమ్మ. "మనిసి కూకుండేది తల మీద కాదు గదా. ఒకలికి నడుం పొడుగు, కాళ్లు పొట్టి. ఇంకొకలికి అటుది ఇటు. మడం కాడ నుంచి మోకాలి దాకా ఎంతున్నాదో అది సూడాల."

మాధవి పట్టికను మళ్లీ చూసింది. కూర్చున్నప్పుడు పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలని, మోకాళ్ల కంటే తుంటి కాస్త పైకి ఉండాలని కింద చిన్న అక్షరాల్లో రాసుంది. "నువ్వు చెప్పిందే రాశారిక్కడ," అంది.

వాళ్లు రాసిందే తను చెప్పానని ఎందుకనుకోవాలో రాజులమ్మకు అర్థం కాలేదు గానీ, ఆ రోజు ఆమె కూరలో ఉప్పు సరిగ్గా పడింది.

మర్నాడు సంతలో గాసి కనిపించాడు. అల్లం మూట దించుకుని చెమట తుడుచుకుంటున్నాడు. మంచివాడు, మాట తక్కువ. గంగ కాలు మడమ నుంచి మోకాలి దాకా కొలిచి ఆ కొలతకు వెదురు బద్ద ఒకటి కోసి పంపమని రాజులమ్మ అడిగింది.

"ఎందుకత్తా?"

"దాని సుఖానికే. నాను అడిగినానని సెప్పకు. పీట సేత్తానని సెప్పు."

మూడో రోజు జీపు డ్రైవరు ఆ బద్ద తెచ్చి ఇచ్చాడు. గాసి దాన్ని నున్నగా చెక్కి, గంగ కాలికి గుచ్చుకోకుండా రెండు కొనలూ గుండ్రంగా అరగదీశాడు. రాజులమ్మ జాన పెట్టి చూసింది. రెండు జానలు, పైన ఒక బొటనవేలు. కూతురి కాలు చేతికి తగిలి రెండేళ్లయింది. ఆ బద్దను ఎంతసేపు పట్టుకుని కూర్చుందో ఆమెకు తెలియదు, పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

బంతులు వచ్చాయి. గాలి లేకుండా మడతపెట్టి, చీరల్లాగే అట్టపెట్టెల్లో ఉన్నాయి. తోడు ఒక చేతిపంపు. మూడింటికీ దానితో గాలి కొట్టడమంటే సాయంత్రమవుతుందని మాధవి వాటిని పంక్చర్ షాపుకు పంపింది. ఆ షాపు ప్రేమ్‌కుమార్ ఇరవై ఏళ్లుగా లారీ టైర్లకు తప్ప మరి దేనికీ గాలి కొట్టినవాడు కాదు. పేలితే నాది బాధ్యత కాదని మూడుసార్లు చెప్పి, తల పక్కకు తిప్పుకుని, గొట్టం పెట్టాడు. రాజులమ్మ, బేబి, ముత్యాలమ్మ తలా ఒక బంతి పట్టుకుని మెయిన్‌రోడ్డు మీద నడిచి వస్తుంటే టీ కొట్టు దగ్గరి జనం గ్లాసులు దించి చూశారు. బేబి, ముత్యాలమ్మ వసతి గృహంలో ఉన్న చూలాళ్లే. పొట్ట ముందు బంతి పెట్టుకుంటే ఏది పొట్టో ఏది బంతో తెలియడం లేదని ముత్యాలమ్మ తన మీద తనే జోకు వేసుకుంది.

డెబ్భై అయిదు మీద మొదట ముత్యాలమ్మే కూర్చుంది. పాదాలు గాలిలో లేచాయి. ఇద్దరు రెండు చేతులూ పట్టుకోకపోతే వెనక్కి పడేది. "ఇది ఏనుగుకి," అని రాజులమ్మ దాన్ని మూలకు నెట్టేసింది. అరవై అయిదు మీద మునివేళ్లు మాత్రం ఆనుతున్నాయి, మడమలు ఆనడం లేదు. కొండ ఆడవాళ్ల కాళ్లకు అది పనికిరాదు, మైదానం వాళ్లకు అయితే సరేనంది. ఇక యాభై అయిదుది. ఒళ్లూ పొడవూ గంగకు సరితూగే మనిషి బేబి. రాజులమ్మ ఆమెను దాని మీద కూర్చోబెట్టి, పక్కన వెదురు బద్ద నిలబెట్టింది. బద్ద కొన కంటే తుంటి రెండు వేళ్లు పైకుంది. మడమలు నేలకు ఆనాయి. బొటనవేలితో బంతిని నొక్కి చూసింది, కాస్త లోపలికి పోయి తిరిగొచ్చింది. నేల మీద నీళ్లు చిలకరించి జారుతుందేమో చూసింది. జారలేదు.

"దబ్బున పేలదు గదా?"

"ఏదైనా గుచ్చుకున్నా గాలి మెల్లగా పోతుంది తప్ప పేలదు. ఆ రకమే తెప్పించాను," అంది మాధవి. "అయినా మొదట్లో వెనకాల ఒక మనిషి నిలబడాలి."

బేబి బంతి మీద కూర్చుని నెమ్మదిగా ఊగుతోంది, ముఖం తేలికపడింది. అంతా బాగానే ఉంది. అప్పుడే ఆమెకు గుర్తొచ్చింది.

"ఇందాక మనకంటే ముందు ప్రేమ్‌కుమార్ ఎవలి బండికి గాలి కొడుతున్నాడు?" అంది.

తెల్ల బండి అది. ఆస్పత్రిలో పోయినవాళ్లను ఊళ్లకు చేరవేసే బండి. ముందు చక్రానికి గాలి కొట్టించుకుని వెళ్లింది, అదే గొట్టం ఆ తర్వాత ఈ బంతులకు పెట్టాడు.

బేబి పొట్ట పట్టుకుని లేచింది. లేచినది ఆ గదిలోంచే వెళ్లిపోయింది. మిగతావాళ్లు గోడ దగ్గరికి జరిగారు.

"గాలంటే గాలే కదే, ఏ బండికి కొడితే ఏంటి," అని మాధవి ఎంత చెప్పినా లాభం లేకపోయింది. మైదానంలో గాలి ఒకటే కావచ్చు. ఈ కొండల్లో మంచి గాలి ఉంది, చెడ్డ గాలి ఉంది, సోకే గాలి ఉంది, పట్టిపీడించే గాలి ఉంది. ఒంటి మీద వీచి పోయే గాలి అయితే పోతుంది. దాన్ని తెచ్చి ఒక సంచిలో బంధించి, దాని మీద చూలాలిని కూర్చోబెడతామంటే ఎవరు కూర్చుంటారు? మాధవి తల పట్టుకుంది. రాజులమ్మ ఆమె వైపూ మాట్లాడలేదు, వాళ్ల వైపూ మాట్లాడలేదు. తను నమ్ముతుందో లేదో ఆమెకే తెలియదు. నమ్మి ఒకసారి ఒక పని చేసింది, అది మంచిదో కాదో రెండేళ్లయినా తేలలేదు. మూడు బంతులకూ బిరడాలు తీసి, పెరట్లోకి తీసుకెళ్లి, మోకాలితో నొక్కి గాలంతా వదిలేసింది.

"ఇది నాకొక్క రోజు ఇయ్యి సిస్టరమ్మా," అంది చిన్న బంతిని మడతపెడుతూ. "ఎవలి గాలి ఆలింట్లోనే నింపుకుంటారు. గంగ దిగితే ఈలందరూ కూకుంతారు."

మర్నాడు పొద్దున్నే జీపెక్కి రోడ్డు ఆగిపోయిన చోట దిగి, సంచిలో బంతి, చేతిపంపు పెట్టుకుని కొండెక్కింది. యాభై రెండేళ్ల మోకాళ్లు మాట వినడం లేదు. ముసురు పట్టింది. గెడ్డ మోకాలు దాటి తొడ మీదికి వచ్చింది, నీళ్లు ఎర్రగా తిరిగాయి. ఇంకెన్ని రోజులు టైముందో ఆ రంగే చెప్పింది. ఆమెకు భయం పుట్టింది, ఏ దేవతకు మొక్కుతోందో చూసుకోకుండానే మొక్కుకుంటూ దాటింది.

గంగ అరుగు మీద కాళ్లు చాపుకుని రాజ్‌మా విత్తనాలు ఏరుతోంది. పాదాలు ఉబ్బి ఉన్నాయి. పొట్ట కిందికి జారలేదింకా. తల్లిని చూసి చాప చూపించింది, తను మాత్రం కాస్త అవతలికి జరిగింది. గాసి పొలంలో ఉన్నాడు.

రాజులమ్మ సంచిలోంచి బంతి తీసి, ఇంటి లోపలికి వెళ్లి, నడిమధ్య కూర్చుని పంపుతో గాలి కొట్టడం మొదలుపెట్టింది. గంగ విత్తనాల చేట పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చింది.

"ఇదేనా బంతి. సెవాల బండి గాలి కొట్టించినారట గదా."

కబురు కొండెక్కడానికి జీపు అక్కర్లేదు. "అది తీసీసినాను," అంది రాజులమ్మ ఆయాసపడుతూ. "ఇది మీ ఇంటి గాలి. నీ గాలే. నీకేటీ కాదు."

గంగ బంతి ఉబ్బడం చూస్తూ నిలబడింది.

"ఈ ఇంటి గాలే గదమ్మా నా గుంట తీసుకోనిది."

పంపు ఆగింది. రాజులమ్మ దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలు కొన్ని ఉన్నాయి. అవి ఇప్పుడే చెప్పాలి, ఇంకెప్పుడూ చెప్పలేనేమోననిపించింది.

"నా సేతులు నీకొద్దని నాకెరిక. నాను ముట్టుకోను. అక్కడ సిస్టరమ్మ ఉంతాది, ఆస్పత్రిలో డాక్టరు ఉంతాడు. నొప్పులొత్తే ఈ బంతి మీద కూకుంటే సాలు, నా సెయ్యి అక్కర్నేదు. నాను వంటింటి గడప దాటను. గెడ్డ తిరిగిపోతన్నాది. బేగి దిగు, గంగా."

"నీ సేతుల మీద నాకు కోపమేటి?" అంది గంగ.

రాజులమ్మ తలెత్తింది.

"ఒక పగలు, ఒక రాత్రి తిండి నేకుండా నా నడుం పట్టుకుని కూకున్నావు. నాకు తెలీదా? గెడ్డ పొంగితే నువ్వేటి సేత్తావు." గంగ గుమ్మానికి ఆనుకుని మెల్లగా నేల మీదికి జారి కూర్చుంది. "నాకు సూపించనేదు. అటు తిరిగినాను, ఇటు తిరిగీసరికి నేదు. తొమ్మిది నెలలు మోసినాను, అదెలాగుంతాదో నాకు తెలీదు. కలలోకొత్తాది, దానికి మొగం ఉండదు. నాను అలా జరుగుతా ఉంటే ఎందుకే అని అడుగుతావని సూసినాను. రెండేళ్లు సూసినాను. నువ్వడగనేదు."

"సూపిత్తే నీకు గాలి సోకుతాదని..."

"సోకితే సోకనీ. నా గుంటే గదా."

పైన రేకుల మీద వాన పెద్దదైంది. రాజులమ్మకు ఇప్పుడు తెలిసింది. తను ఇన్నాళ్లూ మోసిన నేరం ఒకటి, చేసిన నేరం మరొకటి. అడగాల్సిన ఒక్క మాట అడగలేదు. అడిగితే కూతురు నీ చేతులే అంటుందని భయపడింది, ఆ భయంతోనే రెండేళ్లు దాన్ని ఒంటరిగా వదిలేసింది.

"ఎలాగుంది సెప్పు," అంది గంగ. "నువ్వొక్కర్తివే సూసినావు. సెబితే ఇప్పుడే వత్తాను నీతో. సెప్పకపోతే నాను దిగను. అక్కడికెల్లి ఇంకో గుంటని కని, దీన్ని ఇలాగే ఒదిలీనేను."

రాజులమ్మ దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. ఆ మధ్యాహ్నం ఆమె చూసిందంతా ఊపిరి కోసమే. ఛాతీ కదులుతుందా, ముక్కుపుటాలు కదులుతాయా, పెదవుల రంగు మారుతుందా. అంతే చూసింది. ఇక లాభం లేదని తెలిసిన క్షణాన చీరముక్క కప్పేసింది. ఆ తర్వాత గొయ్యి తవ్వుతున్నప్పుడు ఒకసారి విప్పి చూద్దామనుకుంది, ధైర్యం చాలలేదు. ఇప్పుడు కళ్లు మూసుకుని ఎంత వెతికినా ఆమెకు నీలం రంగు కనిపిస్తోంది, ముఖం కనిపించడం లేదు. ఆ సంగతి చెబితే గంగ ఇక్కడే ఉండిపోతుంది. ఎర్రనీళ్లు రేపటికో ఎల్లుండికో దారి మూసేస్తాయి.

రాజులమ్మ గంగను చూసింది. ఈ పిల్ల పుట్టిన పూట మాత్రం ఆమెకు నిన్నటిలా గుర్తుంది.

"నుదురు సిన్నది," అంది. "జుట్టు ఒత్తు. మెడ మీదికి దిగిపోయింది. కనుబొమలు ఉన్నాయా నేవా అన్నట్టున్నాయి."

గంగ కదలకుండా వింటోంది.

"ముక్కు సప్పిడే గానీ కొన పైకి లేసింది. గడ్డం కింద సొట్ట. ఎడం సెవి కొన లోపలికి మడిసిపోయి ఉన్నాది, నూనె రాసి తియ్యాల్సినట్టుగా."

గంగ చెయ్యి దానంతటదే తన ఎడమ చెవి మీదికి వెళ్లింది. "నాలాగా?"

"నీలాగే."

గంగ ఏడ్చింది. నోరు మూసుకుని, శబ్దం లేకుండా, భుజాలు అదురుతూ చాలాసేపు ఏడ్చింది. తర్వాత పాకుతూ వచ్చి బంతిని పట్టుకుని లేచి, దాని మీద కూర్చుంది. "ఇంకా సెప్పు," అంది. రాజులమ్మ చెప్పింది. వేళ్లు పొడుగన్నది, గోళ్లు అప్పుడే పెరిగి ఉన్నాయన్నది, నడినెత్తి మీద రెండు సుడులన్నది. ఒక్కొక్కటీ చెబుతుంటే గంగ మెల్లగా అటూ ఇటూ ఊగుతోంది. పాదాలు నేలకు చక్కగా ఆనాయి, మోకాళ్ల కంటే తుంటి రెండు వేళ్లు పైకుంది. కొలత సరిపోయింది. అది చూసి సంతోషపడాల్సిన మనిషి రాజులమ్మ, కానీ ఆమె నోరు చేదుగా ఉంది. చెప్పేకొద్దీ ఆ ముఖం నిజమైపోతోంది, నిజంగా పుట్టిన ముఖం ఇంకా లోతుకు పోతోంది.

గాసి వచ్చేసరికి గంగ రెండు చీరలు, దుప్పటి మూటకట్టి సిద్ధంగా ఉంది. అతను గొడుగు తీసుకున్నాడు. రాజులమ్మ బంతి బిరడా తీయబోయింది.

"గాలి తియ్యకు," అంది గంగ. "ఉండనీ."

గాసి దాన్ని ఉన్నపళంగా పాత చీరలో కట్టి వీపున వేసుకున్నాడు. బండల దారిన ముగ్గురూ దిగారు. గంగ మధ్యమధ్య ఆగి ఆయాసం తీర్చుకుంటూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంది. రంగెలాగుంది, బరువుందా, ఏ చీరలో సుట్టినావు. చీర సంగతి ఒక్కటే తడుముకోకుండా చెప్పగలిగింది రాజులమ్మ. మిగతావన్నీ ఇరవై నాలుగేళ్ల కిందటి పసిగుడ్డు నుంచి తీసి ఇస్తూ వచ్చింది. ఎక్కడ ఏం చెప్పిందో ఇక బతికినన్నాళ్లూ గుర్తుపెట్టుకోవాలి.

గెడ్డ దగ్గరికి వచ్చేసరికి నీళ్లు పొద్దుటికంటే పెరిగాయి. గాసి బంతితో ముందు దిగి లోతు చూస్తున్నాడు. గంగ ఒడ్డున నిలబడి ఆఖరి ప్రశ్న అడిగింది.

"కళ్లు తెరిసిందా అమ్మా?"

గంగ పుట్టినప్పుడు కళ్లు తెరుచుకునే పుట్టింది. నల్లటి కళ్లు, పొయ్యి మంట వైపు రెప్ప వెయ్యకుండా చూసింది. ఆ మాట రాజులమ్మ నాలుక చివరి దాకా వచ్చింది. అంటే గంగకు ఎంత ఊరటగా ఉండేదో ఆమెకు తెలుసు.

"నేదమ్మా," అంది. "తెరవనేదు."

గంగ నీళ్లకేసి చూసింది. తర్వాత ఇంకేమీ అడగకుండా, దాటించమని తల్లికి చెయ్యి ఇచ్చింది. రాజులమ్మ ఆ చెయ్యి పట్టుకుని నీళ్లలోకి దిగింది. రెండేళ్ల తర్వాత దొరికిన చెయ్యి అది, దాన్ని ఏమిచ్చి తెచ్చుకుందో ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.